ఆపని రికార్డింగ్

2008లో భానుశ్రీ గుంటూరులో బీయస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మాధురి మేడమ్ క్లాసులో అందరికీ ఒక పని అప్పజెప్పారు. నచ్చిన ఉద్యోగం చేసే మనిషిని కలిసి, మాటలు రికార్డు చేసి, ఫొటోలు జోడించి మూడు నిమిషాల డిజిటల్ కథ తయారుచేయాలి. కాలేజీ వెబ్‌సైట్లో పెడితే, ఏ ఉద్యోగం ఎలా ఉంటుందో జూనియర్లు చూసుకుంటారు.

విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్ కావాలని భానుశ్రీ కోరిక. అదే పనిలో ఉన్న అంకమ్మరావును పత్తిచేలో కలిసింది. జీతం, బండి, ఊళ్లు తిరగడం గురించి ఆయన హుషారుగా చెప్పాడు. రికార్డింగ్ అయిపోయిందనుకుని, గట్టు మీద కూర్చున్నాక గొంతు తగ్గించాడు.

"నా మాట నమ్మి చలమయ్య గారని ఒక రైతు ఆరెకరాల్లో మా పత్తి విత్తనం పెట్టారమ్మా. చేను ఏపుగా పెరిగింది, కాయ నిలవలేదు. విత్తనంలోనే లోపముందని మాకు ముందే తెలుసు. ఆ ఊరు వెళ్లాలంటే ఇప్పటికీ ముఖం చెల్లదు."

భానుశ్రీ సెల్లులో రికార్డింగ్ ఆపలేదు. ఇంట్లో విని ఏడ్చింది. ఆ మాటలే కథ చివర పెట్టింది. ఆయన్ని అడగలేదు.

వారం తిరక్కుండా అంకమ్మరావు కాలేజీకొచ్చాడు.

"వెబ్‌సైట్లో నీ కథ మా మేనేజర్ చూశాడు. రాజీనామా రాయించుకున్నారు. మనసు బరువై చెప్పుకున్నానమ్మా. ఊరందరికీ వినిపిస్తావా?"

"తప్పయిపోయిందండీ," అంది. ఆయన తల తిప్పుకుని వెళ్లిపోయాడు. అప్పటికప్పుడు మేడమ్‌తో చెప్పి వెబ్‌సైట్లోంచి కథ తీయించేసింది.

రెండోరోజు చలమయ్య ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ కథ చూసిన ఊరి పిల్లలెవరో ఆయనకు చెప్పారట.

"కలెక్టర్ గారికి అర్జీ పెడుతున్నామమ్మా. విత్తనమే చెడ్డదంటే ఎవరూ నమ్మట్లా. ఆ గొంతు వినిపిస్తే నమ్ముతారు. నీ దగ్గరుందా?"

సెల్లులో ఉంది.  భానుశ్రీ ఒక్కరోజు ఆగమని బతిమాలి, అంకమ్మరావు ఇంటికెళ్లింది. ఆయన భార్య సామ్రాజ్యం గుమ్మంలోనే అడ్డుకుంది. "ఇంకేం మిగిల్చావని వచ్చావే?"

అంకమ్మరావు లోపల్నించి వచ్చాడు. సంగతంతా విన్నాడు.

"అది కలెక్టర్ దాకా వెళ్తే ఇంకే కంపెనీ నన్ను తీసుకోదు," అన్నాడు.

"మీరొద్దంటే ఇవ్వనండీ."

"చలమయ్య గారు... ఎలా ఉన్నారు?"

"బాగా చిక్కిపోయారండీ."

సామ్రాజ్యం ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇచ్చెయ్యమ్మా. అవసరమైతే నేనూ వచ్చి చెప్తానని ఆయనతో అను."

ఆమె బస్సెక్కింది. ఆయన ముఖమే కళ్లలో మెదులుతోంది. మర్నాడు చలమయ్యకు సెల్లు ఇస్తున్నప్పుడు కూడా, తను చేస్తున్నది మంచో చెడో ఆమెకు తేలలేదు.