ఇరవై నాలుగు కుళాయిల సముద్రయాత్ర

బస్సెక్కేనాటికి ఆయన చేతిలో ఉన్నవి పద్దెనిమిది వేలు, నాలుగు రోజుల సెలవు, ఇరవై రెండేళ్ల కిందట భార్యకిచ్చిన ఒక మాట. మొదటిది వీలైనంత మిగుల్చుకుంటూ మూడోది తీర్చేయాలని ఆయన పథకం.

బజార్లో ఆయన్ని అందరూ ససేమిరా అని పిలుస్తారు. పైపులు, కుళాయిలు అమ్మే కొట్టు ఆయనది. ఎదుటివాడు ఏ ధర చెప్పినా ముందు "ససేమిరా" అని, ఆ తర్వాతే ఇంతకీ దేనికని అడుగుతాడు. కూతురు పుట్టినప్పుడు నర్సు బయటికొచ్చి "మూడు కిలోలు" అంటే, అలవాటుకొద్దీ "ససేమిరా" అన్నాడని బావమరుదులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

పెళ్లయిన కొత్తలో సముద్రం చూడ్డానికి వెళ్దామనుకున్నారు. అక్కడ పొద్దున్నే ఒక పడవ బయల్దేరి, లైటుహౌసు ఉన్న దిబ్బను చుట్టి వస్తుందట. అందులో ఇద్దరం పక్కపక్కన కూర్చుందామని భార్య అడిగింది. సరేనన్నాడు. ఆ డబ్బు కాస్తా కొట్టులోకి ఇంకో విడత పైపులైంది. మరుసటేడూ పైపులే అయింది. అలా ఏటా ఆమె అడగడం, ఏటా పైపులు దిగడం. ఈ ఏడు ఆమె అడగలేదు. అడిగినన్నాళ్లూ నిశ్చింతగా ఉన్న మనిషి, అడగడం మానేసేసరికి కంగారుపడ్డాడు. బేరమాడకుండా మెట్లు దిగిపోయే గిరాకీ మళ్లీ రాదని ఆయనకు బాగా తెలుసు.

అందుకే తనే బయల్దేరదీశాడు. జనం వెళ్లని నెల చూశాడు. డబ్బాల నిండా తిండి సర్దించాడు. సముద్రం దగ్గర మంచినీళ్ల సీసా రెట్టింపు ధర అని పదిహేను లీటర్ల డబ్బా ఒకటి నింపించి కూతురి చేతికిచ్చాడు. ఆ పిల్ల కాలేజీలో కామర్సు చదువుతోంది.

"నాన్నా, మనం సముద్రానికి నీళ్లు మోసుకెళ్తున్నాం. గమనించావా?"

"మోస్తున్నది నువ్వు కదా. నువ్వు గమనిస్తే చాలు," అన్నాడు.

లాడ్జి యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. కళ్లజోడు మెడలో తాడుకు వేలాడుతోంది. రోజుకు పదిహేను వందలంది. ససేమిరా అన్నాడు. అరగంట తర్వాత, వెనకవైపు గదికి పదకొండు వందల దగ్గర బేరం తెగింది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ.

"ముందువైపు గదైతే సముద్రం కనిపిస్తుంది, తమ్ముడూ."

"సముద్రం బయట ఊరికే దొరుకుతుంటే గదిలో కూడా ఎందుకక్కగారూ?"

రిజిస్టరులో పేరు రాయమంటే కొట్టు పేరు, చిరునామా, రెండు ఫోన్ నంబర్లు రాశాడు. ఖర్చు లేకుండా ప్రచారం చేసుకునే చోటు ఆయన ఎప్పుడూ వదల్లేదు. ఆమె కళ్లజోడు పెట్టుకుని ఆ వరుసను రెండుసార్లు చదివింది.

"కుళాయిల కొట్టా?"

"హోల్‌సేలు, రిటైలు."

"అలాగా," అని తాళంచెవి ఇచ్చింది.

గదిలో అడుగుపెట్టగానే స్నానాలగదిలోంచి టప్పు టప్పుమని చప్పుడు. తల్లీకూతుళ్లు తువ్వాళ్లు తీసుకుని ఒడ్డుకు బయల్దేరారు. ఆయనకు కాళ్లు సాగలేదు. మిగతావాళ్లకు అది నీటిచుక్క, ఆయనకు అరిగిపోయిన వాషరు. పైగా అద్దెలో ఇంకో వంద తగ్గించడానికి దొరికిన సాకు. గబగబా కిందికి దిగాడు.

యజమానురాలు నిట్టూర్చింది. "నీ గదిలో ఒక్కటేనా? మొత్తం ఇరవై నాలుగు కారుతున్నాయి. నీళ్ల బిల్లు చూస్తే నాకూ కళ్లు కారుతున్నాయి. ప్లంబరేమో కుళాయికి రెండొందల యాభై అంటున్నాడు. చూడు తమ్ముడూ, నువ్వు కుళాయిల మనిషివి. ఇరవై నాలుగూ బాగుచేసిపెట్టావంటే నాలుగు రోజుల గది నీకు ఉచితం."

ఉచితం అనే మాటను ఆయన పాతికేళ్లుగా జనం మీద ప్రయోగిస్తున్నాడు. పది పైపులకు ఒక మూత ఉచితమని అట్టముక్క మీద రాసి వేలాడదీస్తే, ఒక్క పైపు కోసం వచ్చినవాడు పది మోసుకుపోవడం కళ్లారా చూశాడు. అదే మాట తన మీదికి వచ్చేసరికి గుర్తుపట్టలేదు. ససేమిరా అనడం కూడా మరిచిపోయాడు. ఆ హుషారులో షరతు కూడా తనే కలిపాడు.

"మా కొట్టులో సగం సరుక్కి సగం డబ్బనే పద్ధతి లేదక్కగారూ. అన్నీ అయితేనే చెల్లు. ఒక్కటి మిగిలినా పూర్తి అద్దె తీసుకోండి."

"నీ మాటే నా మాట," అందామె.

బట్టల సంచి అడుగున స్పానరు, చిన్న పొట్లంలో వాషర్లు ఉన్నాయి. ఎక్కడికెళ్లినా అవి ఆయనతో ఉండాల్సిందే. ఒడ్డు నుంచి తడి పాదాలతో వచ్చిన భార్య, మోకాళ్ల మీద ఉన్న మొగుణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"అద్దె కడుతున్నాను."

సంగతంతా విని ఆమె తువ్వాలు ఆరేసింది. రేపటి పడవకు వస్తారా అని మాత్రం అడిగింది. పడవ రోజుకొక్కటే, పొద్దున్న ఏడింటికి. ఆ తర్వాత గాలి లేస్తుంది, తియ్యరు.

"ఎల్లుండి," అన్నాడు. "రేపు మొదటి అంతస్తు తేల్చేయాలి."

ఎల్లుండికి రెండో అంతస్తు వచ్చింది. బాగుచేసిన కుళాయిల్లో మూడు తిరగబెట్టాయి. ఇన్నేళ్లు కుళాయిలు అమ్మినా, విప్పి బిగించేపని మానేసి పదిహేనేళ్లయింది. నడుము పట్టేసింది, బొటనవేలు చితికింది. ఉండబట్టలేక భోజనాల దగ్గర మాత్రం గొప్ప చెప్పుకున్నాడు.

"ఈ ఊళ్లో దిగినవాళ్లలో గదికి పైసా ఇవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే!"

"దిగినవాళ్లలో కుళాయిలు బిగిస్తున్నదీ నువ్వొక్కడివే నాన్నా," అంది కూతురు.

భార్య కొంగుముడి విప్పి మూడు టికెట్లు బల్లమీద పెట్టింది. ఒక్కోటి ఐదొందలు. మర్నాడు పొద్దుటి పడవకు. అదే ఆఖరి రోజు, పదింటికి తిరుగు బస్సు.

"కొన్న టికెట్టు వెనక్కి తీసుకోరట," అంది. "అడిగే కొన్నాను."

పదిహేను వందలనేసరికి ఆయన గొంతులో ముద్ద అడ్డంపడింది. కానీ కొనేసిన సరుకు వాడకపోవడం కన్నా పాపం ఆయన శాస్త్రంలో లేదు. "ఒట్టు, వస్తాను. రెండే మిగిలాయి. ఆరింటికి మొదలెడితే ఆరున్నరకు అయిపోతాయి."

"మీ పక్కన కూర్చోవాలనే కొన్నానండీ," అంది ఆమె. అది బతిమాలినట్టు లేదు, బిల్లు చేతిలో పెట్టినట్టుంది.

మర్నాడు ఆరుంబావుకల్లా ఇరవై మూడోది పూర్తయింది. ఇరవై నాలుగోది వంటగది వెనక తొట్టి దగ్గరుంది. వాషరు మార్చాడు. కారుతూనే ఉంది. గట్టిగా తిప్పాడు. కుళాయి ఒంట్లో పగులు, వెంట్రుకంత. ఇక వాషర్లతో అయ్యే పని కాదు, మొత్తం ఊడబీకాలి. అప్పటికి ఆరున్నర.

"నాన్నా, వెళ్తున్నాం!" అని వీధిలోంచి కూతురు కేక వేసింది.

"మీరు పదండి, వెనకే వస్తున్నా!"

ఒక్కటి మిగిలినా పూర్తి అద్దె. నోరుజారి తను పెట్టుకున్న షరతే తన కాలికి చుట్టుకుంది. వదిలేసి వెళ్దామా అనుకున్నాడు. నాలుగు వేల నాలుగు వందలు కళ్లముందు నిలబడ్డాయి. వాటి వెనకాల భార్య ఎక్కడో నిలబడే ఉంది గానీ, అంకెలు అడ్డమొచ్చి కనిపించలేదు.

కుళాయితో కుస్తీపట్టి, ఏడు దాటాక నీళ్లు కట్టేయడానికి మేడ మీది ట్యాంకు దగ్గరికి ఎక్కాడు. వాల్వు తిప్పి తలెత్తితే, ట్యాంకుకీ పక్క మేడకీ మధ్య జానెడు వెడల్పున నీలంగా ఏదో మెరుస్తోంది. ఒక క్షణం పట్టింది అది సముద్రమని తెలియడానికి. నాలుగు రోజుల్లో అదే మొదటి చూపు. ఆ జానెడు సందులోకి ఎడమనుంచి ఒక పడవ వచ్చింది. ముందు బల్ల మీద భార్య ఆకుపచ్చ చీర, పక్కనే కూతురి ఎర్ర చున్నీ. రెండోవైపు, తను కూర్చోవలసిన చోట, ఇంకెవరిదో తల. ముగ్గురూ దేనికో విరగబడి నవ్వుతున్నారు. పడవ జానెడు దాటి కుడివైపు గోడ చాటుకు వెళ్లిపోయింది.

కిందికి దిగి కుళాయి ఊడబీకాడు. గోడకు ఆనుకునే వెనకభాగాన్ని బొటనవేలితో తుడిచాడు. జిగురు కింద చిన్న ఉలిగాటు కనబడింది.

ఆ గాటు ఆయనకు తన సంతకంలా తెలుసు. నాసిరకం లాటు దిగినప్పుడు, పొరపాటున అందులోది తన ఇంటికి బిగిస్తారేమోనని, ప్రతిదాని వెనకా తనే వేసుకునే గుర్తు అది. కొనేవాళ్లకు కనిపించదు. గోడలోకి వెళ్లిపోతుంది.

వీధి చివరి కొట్టుకు పరుగెత్తాడు. ఆ కొట్టాయన ఒక కుళాయి తీసి బల్లమీద పెట్టి నాలుగొందల యాభై అన్నాడు. ఇది మూడొందలకు మించదని ఈయన తన ఇరవై ఐదేళ్ల అనుభవమంతా ఒలకబోసి చెప్పాడు. కొట్టాయన పళ్లు కుట్టుకుంటూ అంతా విన్నాడు.

"ససేమిరా," అన్నాడు.

నాలుగొందల యాభై ఇచ్చాడు.

కుళాయి బిగించి, చేతులు కడుక్కుని ముందుగదిలోకి వచ్చేసరికి ముగ్గురూ వచ్చారు. మూడో మనిషి లాడ్జి యజమానురాలే. ముఖమంతా ఉప్పునీటి తుంపర్లు, కళ్లజోడు మసకబారింది.

"ముప్పై ఏళ్లుగా ఈ ఒడ్డునే ఉన్నాను, తమ్ముడూ. వచ్చినవాళ్లందరికీ పడవ దారి చూపించడమే గానీ ఎక్కింది లేదు. మీ ఆవిడ, సీటు పాడైపోతోంది రమ్మంది," అంటూ బల్లసొరుగులోంచి మడతలు పడ్డ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. నాలుగేళ్ల కిందటి బిల్లు. ఇరవై నాలుగు కుళాయిలు, మొదటి రకం. అడుగున ఆయన కొట్టు ముద్ర.

ఆయన ఆ ముద్రను వేలితో రుద్దాడు. "అంటే... రిజిస్టరులో చూసినప్పుడే..."

"ఫోన్ నంబర్లు రెండూ సరిపోయాయి. అప్పట్లో ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదులే. అద్దె చెల్లు, తమ్ముడూ. ఇరవై నాలుగూ అయ్యాయిగా. నాకు నీ మీద కోపమేం లేదు. మళ్లీ రండి. నువ్వు రాకపోయినా మీ ఆవిణ్ణి పంపు."

"వచ్చే ఏడు ఇదే నెలలో వస్తానన్నాను వదినగారితో," అంది భార్య, ఆయన వైపు చూడకుండా సంచి సర్దుకుంటూ. ఆయన వస్తాడా అని మాత్రం అడగలేదు.

బస్టాండులో పడవ ఫొటోలు తీసేవాడు వెతుక్కుంటూ వచ్చాడు. ఫొటోలో ముగ్గురు ఆడవాళ్లు, వెనక లైటుహౌసు. భార్య తల వెనక్కి వాల్చి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఆ నవ్వును ఆయన ఎప్పుడైనా చూశాడేమో, గుర్తులేదు.

"రెండొందలు," అన్నాడు ఫొటోవాడు.

ఆయన నోరు తెరిచాడు. తల్లీకూతుళ్లిద్దరూ ఆ మాట కోసం చూస్తున్నారు. మళ్లీ నోరు మూసుకుని రెండొందలు తీసిచ్చాడు.

బస్సు కదిలాక కూతురు అడిగింది. "నాన్నా, ఇరవై నాలుగు రెండొందల యాభైలు ఎంత?"

"ఆరువేలు."

"బేరమాడిన అద్దె?"

"నాలుగు వేల నాలుగొందలు."

"అంటే పదహారొందలు ఎదురిచ్చి పనిచేశావు."

"నువ్వు కాలేజీలో బాగానే చదువుతున్నావమ్మా," అని కిటికీ వైపు తిరిగాడు. సముద్రం అటువైపు కాదు.

ముందు సీటులో కూర్చున్న భార్య పక్కసీటు ఖాళీగానే ఉంది. ఇంటిదాకా ఆరు గంటలు. లేచి వెళ్లి అందులో కూర్చున్నాడు. ఆమె కాళ్లదగ్గరున్న ఖాళీ నీళ్లడబ్బా పక్కకు జరిపి చోటిచ్చింది. కానీ తల కిటికీ వైపే ఉంచింది.

చివరికి లెక్క ఇలా తేలింది. బస్సుకు రెండు వేల నాలుగొందలు, తిండికి పదమూడొందలు, తను ఎక్కని సీటుతో కలిపి పడవకు పదిహేను వందలు, ఒకప్పుడు తను అంటగట్టిన కుళాయి స్థానంలో కొత్తదానికి నాలుగొందల యాభై, ఫొటోకు రెండొందలు. పద్దెనిమిది వేలతో బయల్దేరినవాడు పన్నెండు వేల నూటయాభైతో ఇంటికొచ్చాడు. బజారంతా భళా అంది. రాబడి కింద చూపించడానికి జానెడు సముద్రం, తను లేని ఫొటో ఒకటి మిగిలాయి. ఆ ఫొటోను కొట్టులో గల్లాపెట్టె మీద తగిలించాడు. ఇందులో మీరెక్కడున్నారని ఎవరైనా అడిగితే, ఆ ఊరినుంచి వచ్చాక కుళాయి వెనక ఉలిగాటు వేయడం మానేసిన చేతిని ఫొటో పక్కనున్న ఖాళీ గోడకేసి చూపించి, "వచ్చే ఏడు చూడండి," అంటాడు. ఆ మాటకు కొట్టు వెనక ఇంట్లోంచి భార్య ఇంకా సరేననలేదు.