నోరు కుట్టించిన కారు

వవూద కొన్న కారుకు నోరెక్కువ. జపాన్‌లో ఎవరో పదేళ్లు వాడి వదిలేస్తే ఓడెక్కి మొంబాసా రేవులో దిగింది. వవూద ఉండే బురా ఊళ్లో నాలుగైదు కార్లూ అలా వచ్చినవే. బండి స్టార్టు చేసే మీట నొక్కగానే లోపల్నుంచి ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా జపాన్ భాషలో ఏదో చెబుతుంది. అదేమిటో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. ప్రార్థన అని పాస్టర్‌గారు, పాత యజమాని పెళ్లాం తిట్లని పాస్టర్‌గారి తమ్ముడు, ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు.

ఆ ఒక్క గొంతే అయితే సరిపోను. బెల్టు పెట్టుకోకపోతే టింగుటింగు. తలుపు ఓరగా ఉంటే టింగుటింగు. వెనక్కి నడిపితే పీకు పీకు. పక్క సీట్లో ఒక బుట్ట టమాటాలు పెట్టినా, వాటికీ బెల్టు కట్టమని సతాయింపు. ముప్పై ఏళ్లు బడిపిల్లల్ని అదలించిన టీచరమ్మని ఇప్పుడొక ఇనుపడబ్బా అదలిస్తోందని ఊళ్లో వాళ్లు నవ్వారు. వవూద కూడా నవ్వింది, ఏప్రిల్ నెల దాకా.

ఏప్రిల్‌లో ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఆమె అన్న మ్వాసి సంగతి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట మొక్కజొన్న చేలోకి ఏనుగు వస్తే, అందరూ చేసినట్టే అతనూ రేకు డబ్బా పట్టుకుని కొడుతూ వెళ్లాడు. మామూలుగా ఆ మోతకి ఏనుగులు తప్పుకుంటాయి. ఆ రోజు వచ్చింది పిల్లతల్లి. పిల్ల ఒక పక్క, తల్లి ఒక పక్క, నడుమ డబ్బా మోగిస్తూ మ్వాసి. తెల్లారి వవూద వెళ్లి చూసేసరికి డబ్బా పళ్లెంలా చదునై ఉంది. అన్నని మాత్రం ఆమెకు చూపించలేదు. అప్పట్నుంచీ ఏనుగు పేరెత్తితే ఆమెకు నోట్లో తడి ఆరిపోతుంది.

అయినా ప్రతి శనివారం ఏనుగులు తిరిగే దారినే వెళ్లక తప్పదు. కూతురు టవేటాలో సరిహద్దు దగ్గర అరటి గెలల వ్యాపారం చేస్తుంది. ఆరేళ్ల మనవరాలు పెరిస్ చదువు కోసం అమ్మమ్మ దగ్గరుంటుంది. వారానికొక్క రోజు పిల్లకి తల్లిని చూపించాలి. మక్తావు ఊరు దాటితే రోడ్డుకి రెండువైపులా అడవే. ఏనుగు అడ్డం వస్తే ఇంజన్ ఆపుకుని, అది పోయేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. అక్కడ పుట్టి పెరిగిన వాళ్లకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

ఏప్రిల్‌లో అలాగే, చల్లగాలి కోసం బండి మాత్రం ఆన్‌లోనే ఉంచి, కూర్చుంది. మూడు ఏనుగులు దాటాయి. నాలుగోది రోడ్డు మీద ఉండగా వవూద మంచినీళ్ల సీసా అందుకోబోయి బెల్టు తీసింది. కారు టింగుటింగుమంది. ఏనుగు ఆగి చెవి ఇటు తిప్పింది. ఎంతసేపు అలా చూసిందో ఏమో, చివరికి వెళ్లిపోయింది. సోమవారం బడి వదలగానే కారు నేరుగా వోయిలో మెకానిక్ షాకో షెడ్డుకి తోలింది.

కార్ల నోరు కుట్టడంలో షాకోది అందె వేసిన చెయ్యి. జపాన్ బండి కొన్నవాళ్లు సగం మంది ముందు అతని దగ్గరికే వస్తారు.

"మొత్తం కుట్టెయ్యి షాకో. కిక్కురుమనకూడదు," అంది వవూద.

"లోపలి కూతలన్నీ ఒకే బిళ్ల నుంచి వస్తాయి టీచరమ్మా. పీకి పారేస్తా. బయటి కూత వేరే. అది బానెట్ కింద ఉంటది, దాన్ని కదిపితే తాళమే పని చెయ్యదు. బండి ఆన్‌లో ఉండగా మీ మెళ్లో వేలాడే ఆ రిమోట్ తాళంతో దిగారనుకోండి, మైలు దూరం వినబడేలా అరుస్తది."

"అడవిలో నేనెందుకు దిగుతానయ్యా?"

"దిగరులెండి. ఉన్నమాట చెప్పాలి గదా. ఇంకోటి. తలుపు తెరిచున్నా ఇక చెప్పదు."

"నాకు కళ్లు లేవా?"

"కళ్లు ముందుకే ఉంటాయి గదమ్మా," అని షాకో నవ్వి, పట్టకారు తీసుకుని కారు కిందికి దూరాడు.

గంటలో కారు మూగదైపోయింది. ఆ జపాన్ ఆవిడ గొంతు కూడా పోయింది. తిరుగుదారిలో వవూదకి ప్రాణం తెరిపిన పడింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నానని అప్పుడామెకి తెలియదు.

ఆ పై శనివారం పాస్టర్‌గారి భార్య మెర్సెలీనా మక్తావు దాకా వస్తానని వెనక సీట్లో కూర్చుంది. వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోకుండా పిల్లల కోసం ఒక మీట ఉంటుంది. వవూద ఎప్పుడూ అది వేసే ఉంచుతుంది.

"ఇదేంటమ్మా, నన్ను మేకలా బంధించావు? తీసెయ్ ఆ మీట. నాకు ఊపిరాడదు," అంది మెర్సెలీనా.

ఆవిడ వైపు మీట తీసింది వవూద. మక్తావులో ఆవిడ దిగి, పెరిస్ చేతిలో వేడి మందాజీ ఒకటి పెట్టి, బుగ్గ గిల్లి వెళ్లింది. మీట మళ్లీ వెయ్యాలన్న సంగతి వవూదకి తట్టలేదు. పెరిస్ ఆ తీపి రొట్టెని పట్టుకుని ఖాళీ అయిన కిటికీ వైపు జరిగింది.

అడవిలో ఆరేడు మైళ్లు పోయాక, పదిగంటల ఎండలో, రోడ్డు మలుపు తిరగ్గానే ఏనుగు కనబడింది. ఎర్రమట్టి కొట్టుకుని రోడ్డంత ఎర్రగా, నూరడుగుల దూరంలో అడ్డంగా నిలబడి ఉంది. వవూద వేగం తగ్గించింది. మెల్లగా బ్రేకు తొక్కి ఆపింది. బ్రేకు మీద కాలు వణుకుతుంటే అది జారుతుందన్న భయంతో గేరుని పార్కింగులో పెట్టింది.

ఆ కారుకొక గుణముంది. వేగం అందుకోగానే తలుపులకి తానే తాళాలు వేసుకుంటుంది. గేరు పార్కింగులో పెట్టగానే తానే తీసేస్తుంది. దిగేవాళ్లకి సుఖంగా ఉంటుందని ఎవరో పుణ్యాత్ముడు ఆలోచించి పెట్టాడు. నాలుగు తాళాలూ టక్కుమని లేచాయి. వవూద ఆ చప్పుడు విన్నది కానీ ఏనుగు విన్నదేమోనన్న భయంలో దాని అర్థం ఆలోచించలేదు. పెట్రోలూ బ్యాటరీ రెండింటి మీదా నడిచే బండి కాబట్టి ఇంజన్ దానంతటదే ఊరుకుంది. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

"పెరిస్, మాట్లాడకు తల్లీ," అంది గొంతులోనే.

"పిల్ల ఏనుగు కూడా ఉంది అమ్మమ్మా," అని గుసగుసలాడింది పెరిస్.

"ఎక్కడుంటే మనకెందుకు. కదలకు."

ఏనుగు కుడివైపు పొదల్లోకి నాలుగడుగులు వేసి ఆగింది. వెళ్లదు. తొండమెత్తి గాలి వాసన చూస్తోంది. పోవేం తల్లీ, పో, అని వవూద మనసులో మొక్కుకుంటోంది. పిల్ల ఎడమవైపు ఉంది కాబోలు, అందుకే ఇది పోవడం లేదన్న ఆలోచన అప్పుడు వచ్చిందామెకి. ఎడమవైపు పిల్ల, కుడివైపు తల్లి, నడుమ తన కారు. మ్వాసి నిలబడ్డ చోటే ఇప్పుడు తనూ నిలబడింది.

అదే సమయానికి మెడ వెనక వేడిగాలి తగిలింది.

కారులో చల్లగాలి వేసి ఉంది. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. వేడిగాలి ఎక్కడిది? ఆ గాలితో పాటు దుమ్ము వాసన, పచ్చి పేడ వాసన. కళ్లు ఎదుటి అద్దం మీంచి కిందికి దిగాయి. అక్కడ చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. ఒక రెక్క చాచిన కారు బొమ్మ. ఎప్పట్నుంచి వెలుగుతోందో. వవూద తల తిప్పింది. ఎడమ తలుపు బార్లా తెరిచి ఉంది. సీటు ఖాళీ.

పెరిస్ రోడ్డు పక్కన గడ్డిలో, కారుకి పదడుగుల అవతల ఉంది. మందాజీ పట్టుకున్న చెయ్యి ముందుకు చాచి, వంగి వంగి నడుస్తోంది. పెరిస్‌కి ఇంకో ఇరవై అడుగుల అవతల పొద పక్కన గున్న ఏనుగు తొండం ఊపుతూ నిలబడి ఉంది.

పిలవాలి. పిలవకూడదు. కేక పెడితే తల్లి వస్తుంది. హారన్ కొడితే తల్లి వస్తుంది. ఊరుకుంటే పెరిస్ ఆ పిల్ల దగ్గరికి వెళ్తుంది, అప్పుడూ తల్లి వస్తుంది. వవూద బెల్టు తీసి, అది తలుపుకి కొట్టుకోకుండా చేత్తో పట్టుకుని మెల్లగా వదిలింది. తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టింది. రెండో కాలు పెట్టబోతూ, మెడలో వేలాడుతున్న తాళం గుండెకి తగిలితే గడ్డకట్టుకుపోయింది.

మైలు దూరం వినబడేలా అరుస్తది.

తాళం తాడు తలమీంచి తియ్యబోతే తలగుడ్డకి, కళ్లద్దాలకి చిక్కుకుంది. ప్రభువా, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. కళ్లద్దాలతో సహా పీకి సీటు మీద పెట్టింది. చెప్పులు విడిచి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి చేరవేసింది. కళ్లద్దాలు లేక లోకమంతా మసకేసింది. ఆ మసకలో పెరిస్ గౌను పసుపురంగు ఒక్కటే ఆనింది.

కారు వెనకనుంచి చుట్టి వచ్చింది. ముళ్లు దిగుతున్నా తెలియలేదు. వెనకనుంచి వెళ్లి పెరిస్ నోరు అరచేత్తో మూసి, నడుం పట్టి ఎత్తుకుంది. మందాజీ గడ్డిలో పడింది. పెరిస్ ఉలిక్కిపడి కాళ్లు కొట్టుకుంది. ఆ అలికిడికి గున్న ఏనుగు కీచుమని అరిచింది.

అవతల కొమ్మలు ఫెళఫెళ విరిగాయి.

వవూద ఎలా వచ్చి పడిందో తెలియదు, వెనక సీట్లో పిల్ల మీద పడుకుని ఉంది. తలుపు దగ్గరికి లాగింది కానీ గట్టిగా వెయ్యలేదు. వేస్తే చప్పుడవుతుంది. సందులో నాలుగు వేళ్లు పెట్టి పట్టుకుంది. కిటికీ అద్దం మొత్తం ఎర్రమట్టి రంగు చర్మంతో నిండిపోయింది. బానెట్ మీద తొండం పాకుతున్న చప్పుడు. ఏనుగు ఊపిరికి అద్దం మసకబారింది. పెరిస్ గుండె తన రొమ్ము కింద పిట్టలా కొట్టుకుంటోంది.

అప్పుడు, కారు లోపల వేడెక్కిందని, చల్లబరుద్దామని, ఎవరూ అడక్కుండానే ఇంజన్ గుర్రుమని లేచింది.

ఏనుగు ఘీంకరించింది. కారు పడవలా ఊగింది. ముందు అద్దం ఒక మూల నుంచి ఇంకో మూలకి చిట్లింది. తలుపు వచ్చి వేళ్ల మీద పడింది. వవూద తన భుజాన్ని తానే కొరుక్కుంది గానీ నోరు తెరవలేదు. నన్ను తీసుకో, దీన్ని కాదు అని ఎవరిని వేడుకుందో, దేవుడినో ఏనుగునో, ఆమెకే తెలియదు. ఆ గలాభాకి బెదిరిన గున్న పొదలోంచి ఉరికి కారు ముందునుంచి తల్లి కాళ్ల మధ్యకి దూరింది. తల్లి దాన్ని తొండంతో ఒకసారి తడిమి చూసుకుంది. తర్వాత రెండూ కుడివైపు అడవిలోకి వెళ్లిపోయాయి.

చాలాసేపటికి గాని వవూద పెరిస్ నోటి మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఊపిరాడలేదు అమ్మమ్మా," అని ఏడ్చింది పెరిస్. "నా మందాజీ పోయింది. ఆ పిల్ల ఏనుగు తిననే లేదు."

సోమవారం, కట్టు కట్టిన చేత్తో మళ్లీ షాకో షెడ్డుకి వెళ్లింది వవూద.

"ఆ బిళ్ల తిరిగి పెట్టెయ్యి."

షాకో చిట్లిన అద్దం చూశాడు, ఆమె వేళ్లు చూశాడు.

"చెత్తబండికి వేసేశా టీచరమ్మా. ఇంకోటి దొరకదు. ఈ రకం బండిది జపాన్ నుంచే రావాలి."

ఇప్పుడూ శనివారాలు వవూద ఆ దారినే వెళ్తుంది. పిల్లల మీటలు రెండూ తన చేత్తో వేసి, తలుపు లాగి చూసి, మళ్లీ లాగి చూసి గాని బండి తియ్యదు. మక్తావు దాటిన దగ్గర్నుంచి కళ్లు ముందుకి పెట్టి నోటితో అడుగుతూనే ఉంటుంది.

"తలుపు?"

"వేసుంది అమ్మమ్మా."

"బెల్టు?"

"ఉంది."

"పెరిస్?"

"ఉన్నా. అబ్బ, ఈ కారే నయం నీకంటే. అది ఇన్నిసార్లు అరిచేది కాదు!"

"నన్ను అరవనీ. నువ్వు పలుకు."

మొన్న శనివారం ఆ మలుపు దగ్గర, "పెరిస్?" అని అడిగింది. జవాబు లేదు. "పెరిస్!" జవాబు లేదు. వవూద వెనక్కి తిరిగి చూడలేకపోయింది. రోడ్డు మధ్యలోనే కారు ఆపి, కళ్లు గట్టిగా మూసుకుని, ఎడమచెయ్యి వెనక్కి చాచి సీటంతా తడిమింది. చిన్న మోకాలు తగిలింది, వెచ్చగా. నిద్రలో ఉన్న పిల్ల ఆ చేతిని విసుగ్గా నెట్టేసింది.

"ఉన్నానన్నాగా," అంది కళ్లు తెరవకుండానే.