గుత్త కాగితంలో మూడో షరతు

మోకాళ్లు అరిగిపోయాయని, ఇకమీదట ఆవుల కింద కూర్చోకూడదని మదనపల్లె డాక్టరు చెప్పినప్పుడు ప్రమీలమ్మ ముఖం దిగాలుగానే పెట్టుకుంది. లోపల మాత్రం ఆమెకు పండగైంది. ముప్పై ఏళ్లుగా కోడి కూయకముందే లేచి పేడ ఎత్తి, పొదుగులు కడిగి, పాలు పిండి, గడ్డి కోసి మోసిన మనిషి ఆమె.

నిజంగా కుంగిపోయింది ఆమె భర్త వరదరాజులు. "ముప్పై ఏండ్ల పాడి! ఒక్క మాటతో ఇడిసిపెట్టమంటే ఎట్లప్పా?" అని చౌడేపల్లె టీ అంగడిలో కనిపించినవాళ్లందరి దగ్గరా వాపోయాడు. ఆ ముప్పై ఏళ్లలో ఆయన చేసిన పని, పాల క్యాను మోపెడ్ మీద పెట్టుకొని కేంద్రానికి తీసుకుపోవడం. పాలు పోశాక అదే అంగడిలో కూర్చొని పాడి గురించి రెండు గంటలు మాట్లాడేవాడు. ఆ మాటల పుణ్యాన చుట్టుపక్కల పల్లెల్లో ఆయనకు పెద్ద పాడిరైతని పేరొచ్చింది.

ఆరు ఆవులనూ పుంగనూరు సంతలో అమ్మేశారు. మిగిలింది గడ్డి వేసిన మూడెకరాల నేల, బోరు, పసుల కొట్టం. గుత్తకు, అంటే కౌలుకు ఇమ్మని టమోటా రైతులు ఇద్దరు వచ్చారు. వరదరాజులు ఒప్పుకోలేదు. "పసులు మేసిన నేల. మందులు కొట్టి సంపేస్తారు" అన్నాడు.

మూడోసారి కుప్పం వైపు నుంచి నాగేంద్ర, స్వర్ణ అనే ఆలుమగలు వచ్చారు. నాగేంద్ర బెంగళూరులో వ్యాను తోలి విసిగిపోయాడు. కొట్టంతో సహా నేల తీసుకొని నాలుగు ఆవులతో మొదలుపెట్టాలని వాళ్ల ఆశ. స్వర్ణ ప్రమీలమ్మ పక్కన చేరి అడిగింది: "ఆవు ఎదకొచ్చిందని ఎట్ల కనుక్కోవాలత్తా?"

ప్రమీలమ్మ నోరు తెరిచేలోపే వరదరాజులు అందుకున్నాడు. "దాని కండ్లు సూస్తే తెలిసిపోతాదమ్మా. అనుభవం!"

తెరిచిన నోటితో ప్రమీలమ్మ వాళ్లను టీ తాగుతారా అని అడిగింది.

పుంగనూరులో పత్రాలు రాసే ఓబులేసు దగ్గర కాగితం రాయించుకున్నారు. గడువు మూడేళ్లని మొదటి షరతు. బోరు చెడితే బాగుచేయించుకోవాల్సింది గుత్తదారేనని రెండోది. ఓబులేసు కలం మూయబోతుంటే వరదరాజులు ఆపాడు. "ఇంకోటి రాయప్పా. మొదటి మూడు నెల్లు పొద్దునా సాయంత్రం నేను కొట్టంలో ఉండి ఈళ్లకు పని నేర్పిస్తా."

కుర్చీ వేయించుకొని కూర్చుంటానని, అది అట్లా ఇది ఇట్లా అని వేలు చూపిస్తానని ఆయన ఊహ. నాగేంద్ర పొంగిపోయాడు. "మాకు కావాల్సింది అదే మామా!"

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ప్రమీలమ్మ మెల్లగా అడిగింది. "ఏమయ్యా, నువ్వు నేర్పిస్తావా?"

"యాల, నాకు రాదా?"

"నేనేమీ అన్లేదే."

ఆవులు వచ్చిన మర్నాడు నాలుగున్నరకే నాగేంద్ర వచ్చి తలుపు తట్టాడు. ఆరింటికి లేచే అలవాటున్న వరదరాజులు తెల్ల పంచె సర్దుకుంటూ వెళ్లాడు. కుర్చీ కనబడలేదు. స్వర్ణ బకెట్ అందించి, "మొదట నువ్వు ఒకతూరి పిండి సూపియ్యి మామా" అంది.

ఇంటికి వచ్చేసరికి పంచె సగం పేడ రంగులో ఉంది. మోకాటి మీద గిట్ట దెబ్బ. "ఆ ఆవు జాతి మంచిది కాదు" అన్నాడు. స్నానం చేసి, టిఫిను తిని, ఎటో చూస్తూ అన్నాడు: "ఊరికే అడుగుతాండా. పాలు పిండేటప్పుడు బొటనేలు మడవాలా, సాపాలా?"

"మడిస్తే సన్ను నలిగి వాస్తాది. పిడికిలి నిండా పట్టుకో, పై ఏలి నుంచి కిందికి ఒత్తుకుంటా రా." కొంగు చివర ముడేసి ఒత్తి చూపించింది. ఆయన ఆమె చేతికేసి చూడనట్టే చూశాడు.

అప్పటి నుంచి రోజూ ఒక ప్రశ్న, ఊరికే. దాణా ఎప్పుడు నానబెట్టాలి? కడుపు ఉబ్బితే ఏం పోయాలి? మర్నాడు పొద్దున ఆ జవాబులే ఆయన నోట అనుభవంగా పలికేవి. పది రోజులకే స్వర్ణకు సంగతి అర్థమైపోయింది. ఒక మధ్యాహ్నం ఒంటరిగా ఇంటికొచ్చింది.

"అత్తా, మామకేమీ తెల్దు గదా? నేను నేరుగా నిన్నే అడుగుతా."

ప్రమీలమ్మ నవ్వాపుకుంటూ తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మీ. కాగితంలో ఉండాది గదా, మూడు నెల్లు ఆయన్నే అడుగు. పంజేసేది గూడా ఆయన్నే సేయనీ."

స్వర్ణ ఆ మాట నిలబెట్టుకుంది. అన్నీ ఆయన్నే అడిగింది, అన్నీ ఆయన చేతే చేయించింది. రెండో నెలకు ఆవులు ఆయన్ను తన్నడం మానేశాయి. మూడు నెలలు నిండాయి. రావద్దని ఎవరూ అనలేదు, ఆయన మానలేదు. టీ అంగడికి పోతే మాత్రం పది నిమిషాల్లో లేచేవాడు. పాడి గురించి ఎవరైనా అడిగితే, "ఏం జెప్పేది లేప్పా, గడ్డి కోయాల" అని కదిలిపోయేవాడు.

కార్తీకంలో ఒక ఆవు ఈనలేక అవస్థపడింది. పసుల డాక్టరు రావడం ఆలస్యమైంది. వరదరాజులే చేయి పెట్టి దూడ కాళ్లు అందుకున్నాడు. సాయంత్రం మోచేతుల దాకా జిగురుతో ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు.

"పెయ్యదూడ ప్రమీలా" అన్నాడు. కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. ప్రమీలమ్మ ప్యాకెట్ పాలతో కాచిన టీ తెచ్చి పక్కన పెట్టింది. రెండు గుక్కలు తాగాక ఆయన నడుం పట్టుకొని అన్నాడు:

"పసులతో కష్టం నీకేం తెలుసు? నడుములు ఇరిగిపోతాయి. నిద్ర ఉండదు. ఏండ్ల తరబడి సెయ్యాలంటే ఆడోళ్ల సేత అయ్యే పని కాదే ఇది."

గుర్తొస్తుందేమో, నాలిక కరుచుకుంటాడేమోనని ప్రమీలమ్మ ఎదురుచూసింది. ఆయన టీ తాగుతూనే ఉన్నాడు. అరచేతుల నిండా కాయలు కాసి ఉన్నాయి. కోపం తెచ్చుకోబోతే ఆ కాయలు అడ్డమొచ్చాయి.

"అట్లనా?" అని, వేణ్ణీళ్లు పెట్టడానికి లోపలికి పోయింది.

మర్నాడు నాలుగింటికి చీకట్లో ఆయన చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడుకు ఆమెకు మెలకువ వచ్చింది.

"సలి జాస్తిగా ఉండాది. దుప్పటి కప్పుకోని పో" అని చెప్పి, తన దుప్పటి మెడదాకా లాక్కొని అటు తిరిగి పడుకుంది.