తడి ఆరేదాకా

నేను ఒక షాబాదు బండను. పుట్టింది తాండూరు దగ్గరి గనిలో. అయినా హైదరాబాదులో నా జాతి మొత్తానికి షాబాదు పేరే, నేనేం చేయను! సమ్మెట దెబ్బలు తిని, రంపం కింద కోయించుకుని లారీ ఎక్కినప్పుడు, ఏ ఇంటి వరండాలోనో పరుస్తారనీ పసిపిల్లలు నా మీద పాకుతారనీ ఆశపడ్డాను. తీరా చూస్తే నాలుగు ఇనుప కాళ్లు తగిలించి, చిక్కడపల్లిలో ఒక బారుకు మూల టేబులు చేశారు.

ఆ బారుకు అసలు పేరేదో ఉండేది, ఎవరూ పలికేవారు కాదు. బోర్డు మీద రెండు చిలకలు ఉండేవి కనుక అందరికీ అది చిలకల బారు. వాటిని గీసినవాడు పెయింటరు బాలనర్సయ్య. బోర్డు ఎక్కించిన రోజు నా దగ్గర కూర్చున్నాడు, ఇక ముప్పై ఏళ్లు నన్ను వదల్లేదు. ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు. ఎదురుగా అతని దోస్తు దత్తయ్య. పక్క సందులోని సినిమా హాల్లో ఆపరేటరు, మ్యాట్నీతో డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు.

వాళ్లకొక నియమం ఉండేది. రెండు గ్లాసులూ ఒకేసారి నా అంచుకు టక్కున తగలాలి. అప్పటిదాకా ఎవరూ గుక్క వేయకూడదు. ఒకరికి ఆలస్యమైతే రెండోవారు నిండు గ్లాసు ముందు పెట్టుకుని గుటకలు మింగుతూ కూర్చోవాల్సిందే. ఆ టక్కులకే నా అంచున ఇంత పెచ్చు లేచిపోయింది. నొప్పి అనుకున్నారా? అది నాకు నగలాంటిది.

బోర్డుకు రంగు వేసేముందు చాక్‌పీసుతో అక్షరాలు గీసుకోవడం బాలనర్సయ్య పని పద్ధతి. రెండో పెగ్గు పడితే జేబులోంచి ఆ ముక్క తీసి నా మీదే గీసేవాడు.

"గీ 'క్ష' సూడు దత్తూ, ఎంత ముద్దుగ కూసుందో!"

"అది కూసుంది గని, నువ్వు ఇంటికాడ కూసుండేది ఎప్పుడురా?" అనేవాడు దత్తయ్య.

వెయిటరు తడిగుడ్డ వేసేవాడు, అక్షరాలు మాయమయ్యేవి. ఒళ్లు ఆరాక మళ్లీ సన్నగా తేలేవి. అది నా గుణం. సుద్ద నా గరుకులో దాక్కుంటుంది. తడిగా ఉన్నంతసేపూ కనబడదు, ఆరితే బయటపడుతుంది. దత్తయ్య దాన్ని చూసి, "నీ రాత మొండిదిరా నర్సూ" అని నవ్వేవాడు.

ఒక శనివారం బాలనర్సయ్య మొహం వేలాడేసుకుని వచ్చాడు. బజారంతా ఫ్లెక్సీలకు మారిపోయింది, ఆఖరి దుకాణంవాడు కూడా ఆ రోజే వద్దన్నాడు. ఆరయింది, ఆరున్నరయింది, దత్తయ్య రాలేదు. ఏడవుతుండగా మనసాగక గ్లాసు ఎత్తి సగం తాగేశాడు. సరిగ్గా అప్పుడే దత్తయ్య వచ్చాడు. అతని కళ్లు నేరుగా సగం గ్లాసు మీద పడ్డాయి.

"తాగినవా?"

"గంటసేపు సూసిన్రా. ఇయ్యాల పానం మంచిగ లేకుండె."

"ముప్పై ఏండ్లు ఆగినోనివి, ఇయ్యాల ఒక్క గంట ఆగలేకపోయినవా?"

కూర్చోకుండానే వెళ్లిపోయాడు. ఆ రోజు అతని హాలు మూతపడిందట, కడసారి మిషన్ తుడిచి గుడ్డ కప్పి వచ్చాడట. మర్నాడు వెయిటర్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఒకడి బాధ ఒకడికి చెప్పుకోవడానికే కదా వచ్చారు, అయ్యో! చెప్పుకున్నది మాత్రం గ్లాసు గురించి.

వాళ్లకు ఫోన్లు లేవా అంటారా? ఉన్నాయి. పంతాలు కూడా ఉన్నాయి. 'వాడే చెయ్యాలె' అంటూ బాలనర్సయ్య మూడు నెలలు ప్రతి శనివారం రెండు నిండు గ్లాసుల ముందు కూర్చుని, ముట్టకుండానే లేచిపోయాడు. చివరికి దిగివచ్చి ఫోన్ చేస్తే ఆ నెంబరు పనిచేయడం లేదు. హాలువాళ్లు ఇచ్చిన గది కూడా దత్తయ్య ఖాళీ చేసి వెళ్లాడు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఇక మిగిలిన ఆశ నేనొక్కదాన్నే. ఎప్పటికైనా దత్తయ్య నా దగ్గరికే రావాలి.

అంతలో బారు అమ్ముడుపోయింది. గోడలు కూల్చి, అద్దాలు బిగించి పబ్బు చేశారు. చిలకల్ని చెత్తలో పారేశారు. నన్ను మాత్రం పాతకాలపు అందమంటూ గేటు బయట వాకిట్లో నిలబెట్టి, నెత్తిన ఇత్తడి చెంబులో ఎండుగడ్డి పెట్టారు. ముప్పై ఏళ్లు మనుషుల మోచేతులు మోసినదాన్ని, ఇప్పుడు గడ్డి మోస్తున్నాను. నన్ను తాకేది ఊడ్చే లచ్చవ్వ తడిగుడ్డ ఒక్కటే. నాకెంత దిగులుగా ఉండేదో ఎవరికి చెప్పను?

ఒక శనివారం బాలనర్సయ్య వచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అడ్డం నిలబడ్డాడు.

"చెప్పులతోని రానియ్యరు పెద్దాయినా. అండ్ల ఒక్కనివే వచ్చినవ్. జంటగ వస్తేనే ఎంట్రీ."

"జంట కోసమే వచ్చిన బిడ్డా. మా దోస్తు గీడికే వస్తడు. ఇంత పెద్ద పట్నంల మా అసుంటోళ్లు యాడ కూసోవాలె? నేను యాడుంటనో వానికెట్ల తెల్వాలె?"

సెక్యూరిటీ వచ్చి ఆగిన కారు తలుపు తీయడానికి తిరిగాడు. బాలనర్సయ్య నన్ను చూశాడు, పెచ్చు లేచిన అంచును నిమిరాడు. చాక్‌పీసు తీసి చెంబు పక్కన రాశాడు: 'దత్తూ, ముషీరాబాద్ కల్లు కాంపౌండ్ల ఉంట. శనివారం ఆరు గంటలకు. నువ్వొచ్చేదాక ముట్ట. నర్సు.'

"ఏయ్, ఏం రాస్తున్నవ్?"

"సుద్దే బిడ్డా."

లచ్చవ్వకు చదువు రాదు. రోజూ సాయంత్రం ఐదింటికి తుడిచేది. ఆరాక అక్షరాలు మళ్లీ తేలితే, "ఏం సున్నమో ఏమో, ఎంత తుడ్సినా పోదు" అని విసుక్కునేది. తుడిచినకొద్దీ అక్షరాలు పలచబడుతున్నాయి. నేను మాత్రం పట్టు వదల్లేదు.

సరిగ్గా మరుసటి శనివారం, లచ్చవ్వ గుడ్డ పిండుకుని లోపలికి వెళ్లగానే, గేటు ముందు దత్తయ్య! గడ్డం నెరిసింది, మనిషి సగమయ్యాడు. సెక్యూరిటీ అదే పాట పాడాడు.

"తాగనీకె రాలే తమ్మీ. చిలకల బారు గిదేనా అని సూస్తున్న."

అప్పుడు నన్ను గుర్తుపట్టాడు. దగ్గరికొచ్చి పెచ్చు మీద వేలు పెట్టాడు. నా ఒళ్లంతా తడి, నల్లగా మెరుస్తున్నాను, ఒక్క అక్షరం కనబడదు. ఆగయ్యా, ఇంకొక్క నాలుగు నిమిషాలు ఆగు! ముషీరాబాద్ ఎంత దూరమని, ఆటో ఎక్కితే ఆరింటికల్లా వాడి ముందుంటావు!

"ఇంక వాడెందుకొస్తడు తియ్," అని తనలో తనే అనుకుని, తడి వేలు చొక్కాకు తుడుచుకుని దత్తయ్య రోడ్డు దాటాడు. సిటీ బస్సు వచ్చింది, ఎక్కాడు.

నా అంచులు ఆరాయి. మొదట 'దత్తూ' తేలింది, తర్వాత 'ముట్ట'. ఆరింటికి ముషీరాబాద్‌లో ఒకడు నిండు సీసా ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. బండకు మనసుండదంటారు మనుషులు. నాకు నోరు లేదు గానీ, ఉంటే ఆ బస్సు వెనక కేక పెట్టేదాన్ని: దత్తయ్యా, నాలుగు నిమిషాలు ఆగలేకపోయినవా?