కుర్చీ పట్టేంత గొంతు

బొంగురమ్మకి నలభై రెండేళ్లు. గిన్నెలు తోమేటప్పుడు తప్ప గొంతెత్తదు. ఆ పేరు పెట్టింది బృందగానం నేర్పే మాస్టారు. ఒకసారి పై స్వరం అందుకోబోయి ఆమె గొంతు చీలింది. అప్పట్నుంచీ ఆమెని వెనక వరసలో నిలబెట్టి, "నువ్వు నోరు కదుపు, చాలు" అన్నాడు. ఆడవాళ్లకి ఇదేం కొత్త సలహా కాదు గనక ఆమె కదుపుతూ వచ్చింది.

ఈసారి పాటలో ఒక్కరే పాడాల్సిన చరణం ఒకటుంది. ఎవరు పాడాలో శనివారం తేలుస్తానన్నాడాయన. అది తనదే కావాలని ఆమె గట్టిగా అనుకుంది, మనసులోనే.

మాస్టారికి తెలిసిన సాధన ఒక్కటే. నోరంతా తెరిచి, బలమంతా పెట్టి, పైపైకి "ఆ" అనడం. నొప్పెడితే ఇంకా గట్టిగా అనడం. సోమవారం ఆమె అలాగే మొదలుపెట్టింది. వంటగది గోడలు దగ్గరికి జరిగాయి. గిన్నెల స్టాండు వచ్చి భుజానికి తగిలింది.

"ఆపవే తల్లీ, అసలే నా కుర్చీకి చోటు లేదు," అంది గుమ్మంలో కూర్చున్న అత్తగారు. కాపురానికొచ్చిన నాటినుంచీ ఆవిడకి ఆ వంటగదిలో కూర్చుని పనిచేసుకునే యోగం పట్టలేదు. "గోడ వెనక్కెళ్లేది ఏదైనా ఉంటే అది చెయ్యి."

ఆమె పెదాలు వదులుగా పెట్టి బుర్రుమనిపించింది. గోడ కాస్త కదిలింది.

"లోపల గుర్రాన్ని కట్టేశారా?" అన్నాడు మొగుడు, పక్కగదిలోంచి.

"కట్టెయ్యలేదురా, విప్పుతున్నాం," అంది వాళ్లమ్మ.

బొంగురమ్మ నోరు మూసుకుని, ముక్కు దగ్గర అదిరేలా సన్నగా "మ్మ్" అంది. గోడ ఇంకొంచెం జరిగింది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా ముంచి, అందులోంచి "ఊ" అంటూ కిందినుంచి పైకి, పైనుంచి కిందికి జారింది. నీళ్లలో బుడబుడా బుడగలు లేచాయి. కిటికీ గోడ పక్కింటివైపు హాయిగా నడిచి వెళ్లింది.

"ఇదేనే, ఇదే. ఆపకు," అంది అత్తగారు కుర్చీ ఈడ్చుకొస్తూ.

ఆపకపోతే గోడ మళ్లీ బిగుస్తోంది. కాసేపు చేసి కాసేపు ఊరుకుంటే వెళ్లినచోటే నిలబడుతోంది. గురువారానికల్లా వరస కుదిరింది. ముందు పెదాలు, తర్వాత మూసిన నోరు, ఆపైన స్ట్రా. "ఆ" అన్నిటికన్నా ఆఖర్న, అదీ మెల్లగా.

శుక్రవారం పక్కింటావిడ తొంగిచూసింది. "వదినగారూ, మీ వంటగది మా బాల్కనీలోకొచ్చేసింది. బట్టలెక్కడ ఆరేసుకోను?"

"ఇక్కడే ఆరేసుకో. చోటు బోలెడుంది," అంది అత్తగారు, కుర్చీలో కాళ్లు చాపుకుని.

శనివారం వచ్చింది. మాస్టారి గదిలో ఆయనా ఆయన కీబోర్డూ పోగా ఒక్క మనిషికే చోటు. మిగతావాళ్లంతా బయట వరండాలో నిలబడ్డారు. తన వంతు రాగానే ఆమె లోపలికెళ్లి సంచిలోంచి గ్లాసూ స్ట్రా తీసి నీళ్లు పోసుకుంది.

"జ్యూసు తాగడానికొచ్చావా?"

"గొంతు సిద్ధం చేసుకుంటున్నానండీ."

"పిల్లలాటలు కట్టిపెట్టి గట్టిగా 'ఆ' అను."

"అది మీకు పనికొస్తుందేమో మాస్టారూ, నాకు పనికిరాదు." స్ట్రా నోట్లో పెట్టుకుని నీళ్లలో బుడగలు ఊదింది. గ్లాసు కింద పెట్టి చరణం ఎత్తుకుంది. అప్పట్లో చీలిన ఆ పై స్వరం దగ్గర గొంతు, నూనె వేసిన తలుపులా, చప్పుడు లేకుండా తెరుచుకుంది. గది నాలుగువైపులా విచ్చుకుంది. అడుగు తీసి అడుగు వెయ్యకుండానే వరండాలోవాళ్లంతా గదిలో ఉన్నారు. వెనక వరస వాళ్లు ఒక్కొక్కరే గొంతు కలిపారు. మాస్టారు, కీబోర్డుతో సహా, గోడతోపాటే దూరంగా వెళ్లిపోయి చేతులూపుతున్నాడు.

"ఏమంటున్నాడు?" అనడిగింది ఆమె, పాట అయ్యాక.

"ఏం లేదు, నోరు కదుపుతున్నాడు," అంది పక్కనున్నావిడ.

ఆ చరణం ఆమే పాడింది. మరుసటేడు బృందమే ఆమె చేతికొచ్చింది. మాస్టారిని తీసెయ్యలేదు. వెనక వరసలో నిలబెట్టి, చేతికో గ్లాసూ స్ట్రా ఇచ్చింది.