పన్నెండు ముక్కల మాట

మా ఆసుపత్రి ఫోన్ల గదిలో పదకొండేళ్లుగా నా గొంతే వినిపించేది. నా తోడికోడలిని అక్కడ చేర్పించిందీ నేనే. చేరిన ఆరు నెలలకే డాక్టర్లు "ఆ చిన్నావిడకివ్వండి" అనడం మొదలుపెట్టారు. ఇంట్లో మామగారి సంగతి సరేసరి, ఆమె పేపరు చదివి వినిపిస్తేగాని ఆయనకు కాఫీ గొంతు దిగదు. నాకు కడుపు మండిపోయేది. దాచుకోవడమెందుకు?

అంతలో, పరీక్షకు ముందు రోగులు ఏం చేయాలో ఫోన్లో చెప్పే రికార్డింగ్ పెడతామన్నారు. ఒక్క గొంతే కావాలి. ఇద్దరికీ ఒకటే కాగితం ఇచ్చారు. అందులో కొరకరాని కొయ్య ఒక్కటే: ఈసాఫగోగ్యాస్ట్రోడ్యూఆడెనాస్కపీ. గొట్టం వేసి లోపల చూసే పరీక్ష.

"అక్కా, నాకు నోరు తిరగట్లేదు. కాస్త నేర్పవా?" అంటూ వంటింట్లోకి వచ్చింది.

నేర్పాను. "ఈసాఫగో అంటే అన్నవాహిక. గ్యాస్ట్రో అంటే పొట్ట. డ్యూఆడెనో, చిన్నపేగు మొదలు. స్కపీ, చూడటం" అని విడగొట్టి చెప్పాను. పలుకుకో దెబ్బ చొప్పున గరిటెతో గట్టు మీద పన్నెండు దెబ్బలు వేశాను. ఒత్తి పలకాల్సింది "నాస్" దగ్గర. నేను "ట్రో" దగ్గర గట్టిగా కొట్టాను. "ఇదిగో, ఇక్కడ ఒత్తాలి" అన్నాను, ఆమె కళ్లలోకి చూసి మరీ.

వారం రోజులు అదే పాట. నేను కొట్టడం, నాతోపాటు ఆమె అనడం.

రికార్డింగ్ రోజున మొదట నన్ను పిలిచారు. అంతా సాఫీగానే చదివాను. ఆ మాట రాగానే నా నాలుక వారం రోజుల అలవాటు కొద్దీ "ట్రో" మీద పడింది. మళ్లీ చదవమన్నారు. మళ్లీ అక్కడే పడింది. మూడోసారికి పెద్ద డాక్టరుగారు అద్దం అవతలి నుంచి చెయ్యెత్తి చాలన్నారు.

తర్వాత ఆమె వెళ్లింది. సరిగ్గా "నాస్" దగ్గర ఒత్తింది. ఒక్కసారికే అయిపోయింది.

బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. నా గుట్టు తెలిసిపోయిందనుకున్నాను.

"ఏమీ అనుకోకక్కా. నువ్వు నేర్పిన మర్నాడే డాక్టరుగారు అనగా విన్నా. నీకు చెబితే చిన్నబుచ్చుకుంటావని, నీ ముందు నువ్వన్నట్టే అంటూ వచ్చా. ఇన్నేళ్ల తర్వాత నీకది తెలీదని ఇలా అందరి ముందూ బయటపడుతుందనుకోలేదు. తప్పు నాదే" అంది.

ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అవును, నాకు తెలీదు" అన్నాను.