ఏడాది నిండని మనిషి

మా ఎర్లెన్ పట్నం ఎందుకు పాడుబడిందని ఎవరిని అడిగినా నది పేరే చెబుతారు. వేజర్ నది దారి మార్చుకుందట, రేవులో ఇసుక మేట వేసిందట, పడవలు రావడం మానేశాయట. నదికి నోరు లేదు కాబట్టి ఎంత నింద మోపినా పడి ఉంటుంది. నాకు నోరుంది, నేను చెబుతాను.

మా పట్నాన్ని కట్టిందే పారిపోయి వచ్చినవాళ్లు. దొరల పొలాల్లో వెట్టిచాకిరీ చేయలేక పారిపోయి వచ్చినవాడు మా గోడల లోపల ఎడతెగకుండా ఏడాది మీద ఒక రోజు ఉన్నాడంటే, ఇక ఏ దొరా వచ్చి వీడు నావాడు అనడానికి వీల్లేదు. అది మా చట్టం. మా తాత అలా వచ్చినవాడే. పట్నం సభలో బొచ్చు కోట్లు వేసుకుని కూర్చునే పెద్దమనుషుల్లో సగంమంది తాతలూ అలా వచ్చినవాళ్లే. అడిగి చూడండి, ఒక్కడూ ఒప్పుకోడు.

నా మొగుడు టీడెకె కూడా ఆ దారినే వచ్చాడు. వడ్రంగి. వచ్చిన మొదటి ఎండాకాలంలోనే, మా రేవులో విరిగి మూలపడి ఉన్న బరువులెత్తే చక్రాన్ని లేపి నిలబెట్టాడు. మనిషికి రెండింతల ఎత్తు చక్రం. ఇద్దరు లోపల నిలబడి నడుస్తుంటే పడవలోని ఉప్పు పీపాలు గాలిలోకి లేస్తాయి. చుట్టుపక్కల ఏ రేవులోనూ అలాంటిది లేదు. పడవలన్నీ మాకే వచ్చేవి.

మా అన్నయ్య హిన్రిక్ అప్పటికే రేవు పెద్ద, సభలో మనిషి. టీడెకెను మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చింది వాడే.

"చెల్లీ, వీడికి కట్టె తప్ప మనుషులు కనపడరే. నువ్వు కాసేపు దుంగలా నిలబడు, అప్పుడైనా చూస్తాడేమో" అన్నాడు.

"దుంగయితే ఇన్ని మాటలనదు కదండీ" అన్నాడు టీడెకె, నావైపు చూడకుండానే. అప్పటిదాకా నేను వాళ్ల ఉప్పు చేపల కంపు గురించి గంట సేపు దులిపేస్తున్నాను మరి.

మా పెళ్లయ్యాక టీడెకె, హిన్రిక్ బావా అంటే బావా అనుకునేవారు. ప్రతి చలికాలం చక్రానికి కొత్త ఓక్ దుంగలు కావాల్సి వచ్చేవి. చెట్టులో రసం తగ్గే రోజుల్లోనే నరకాలి కాబట్టి సభవాళ్లు టీడెకెను అడవికి పంపేవారు. కొన్ని రాత్రులు అక్కడే గుడిసెలో పడుకుని దుంగలతో తిరిగొచ్చేవాడు. బయలుదేరేటప్పుడు హిన్రిక్ స్వయంగా బండి కట్టించేవాడు, దారిలో తాగమని బీరు కూజా ఇచ్చేవాడు.

అలా ఏడేళ్లు గడిచాక, నది నిజంగానే కాస్త పక్కకి జరిగింది. అదే అదనుగా, టీడెకె ఎవరి దగ్గర్నుంచి పారిపోయి వచ్చాడో ఆ దొర, దిగువన తన కోట పక్కనే ఇంకో పట్నం కట్టడం మొదలుపెట్టాడు. మేం దాన్ని కొత్తరేవు అనేవాళ్లం, అదీ వెటకారంగా. కానీ మాకు సరుకు తెచ్చే బండ్ల దారి దొర అడవిలోంచే రావాలి. దారి మళ్లించవద్దని సభవాళ్లు ఆయన కాళ్లావేళ్లా పడ్డారు. దొరగారి దివాను వచ్చి ఒకే మాట అన్నాడు.

"దారి మీకే ఉంచుతాం. మా వడ్రంగిని మాకిచ్చెయ్యండి."

ముగ్గురు పొరుగువాళ్లు నిలబడి, ఇతను ఏడాది మీద ఒక రోజు మా గోడల లోపలే ఉన్నాడని ప్రమాణం చేస్తే చాలు, దివాను ఉత్త చేతులతో పోవాలి. ఆ ముగ్గురిలో మొదటివాడు హిన్రిక్. పొద్దున్నే మా ఇంట్లో రొట్టె తింటూ, "నేనుండగా నీకేం భయం బావా" అన్నాడు. నేను వాడి రొట్టెకి మామూలు కంటే మందంగా వెన్న రాశాను. తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

సభలో హిన్రిక్ ముందుకు వచ్చి ప్రమాణాల కోసం చర్చి నుంచి తెచ్చే పునీతుల ఎముకల పెట్టె మీద చెయ్యి పెట్టాడు.

"అబద్ధం చెప్పలేను. ఇతను ప్రతి చలికాలం కొన్ని రాత్రులు గోడల బయట పడుకున్నాడు. ఏ ఏడాదీ నిండలేదు" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమైంది మా పక్కింటి ముసలి వొబ్బెకెకి. ఆడవాళ్ల వరసలోంచి గట్టిగా అరిచింది.

"ఒరే హిన్రిక్, వాణ్ణి అడవికి తోలింది ఎవడ్రా? నువ్వు కాదూ? బండి కట్టించి మరీ పంపావు, సిగ్గులేదూ!"

"ఆడదాని మాట లెక్కలోకి రాదు" అన్నాడు దివాను.

మిగతా ఇద్దరు పొరుగువాళ్లూ ప్రమాణానికి ముందుకే రాలేదు. సభ పెద్దలు వాళ్ల బూట్లు చూసుకుంటున్నారు. టీడెకె మాత్రం హిన్రిక్‌ని చూస్తూ, "ఆ దుంగలు మీ చక్రానికే కదా బావా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. దివాను మనుషులు అతని చేతులు కట్టి తీసుకెళ్లిపోయారు.

మర్నాడు హిన్రిక్ మా గుమ్మంలోకి వచ్చాడు.

"పట్నం కోసం చేశానే చెల్లీ. దారి పోతే అందరం అడుక్కుతింటాం. కాస్త నిలదొక్కుకోనీ, దొరని బతిమాలి బావని నేనే విడిపించుకొస్తాను."

చెంప పగలగొట్టాను. కానీ వాడి మాట నమ్మాను. నమ్మకపోతే నాకు ఇంకేం మిగిలింది?

అందుకే ఆ పట్నం బతకాలని నాకంటే ఎక్కువగా ఎవరూ కోరుకుని ఉండరు. అది నిలబడితేనే నా మొగుడు ఇంటికొస్తాడు. ఆడవాళ్లందరినీ పోగేసి రేవులో ఇసుక తట్టలతో ఎత్తి పోశాను. ఏం లాభం? టీడెకె చేత కొత్తరేవులో మా దానికంటే పెద్ద చక్రం కట్టించారు. పడవలు అక్కడే ఆగాయి. పడవలు అటు పోయాక బండ్ల దారి కూడా అటే మళ్లింది, దొర మాట గాలికి పోయింది. పారిపోయి వచ్చేవాళ్లు కూడా మా వైపు చూడటం మానేశారు. రాత్రులు లెక్కపెట్టి మనిషిని అప్పగించే పట్నానికి ఎవడొస్తాడు? కొత్త చేతులు లేక మగ్గాలు ఆగాయి, కప్పులు కూలాయి.

పండగలకు నడిచి కొత్తరేవు వెళ్లి టీడెకెను చూసేదాన్ని. చీకటి పడి అక్కడి గేటు మూసే లోపు బయటపడాలి. దొర మనిషి ఇంట్లో రాత్రి నిద్రపోయిన భార్య కూడా దొర సొత్తే అవుతుంది.

"ఇద్దరిలో ఒకరమైనా ఎవరి సొత్తూ కాకుండా ఉందాం గేజే. వెళ్లు" అని తనే తరిమేవాడు.

"అన్నయ్య దొరతో మాట్లాడుతున్నాడట" అంటే, చెక్క చెక్కుకుంటూ "అలాగా" అనేవాడు.

మొన్న శరదృతువులో హిన్రిక్ సామాను బండి మా ఇంటి ముందు ఆగింది.

"నేనూ కొత్తరేవు పోతున్నానే చెల్లీ. దొరగారు రేవు పెత్తనం ఇచ్చారు. బావ నా కిందే పనిచేస్తాడు. ఇంక దిగులు పడకు, నేను చూసుకుంటాగా."

"నీకెందుకిచ్చాడు పెత్తనం?"

"ఇస్తానన్న మనిషి ఇచ్చాడు. ఇన్నేళ్లు తిప్పుకున్నాడు గానీ..." అని ఆగిపోయాడు.

"ఎప్పుడన్నాడు ఇస్తానని?"

గుర్రం కళ్లెం సర్దుకోవడం మొదలుపెట్టాడు. సర్దడానికి అక్కడేమీ లేదు. పట్నం కోసం నా మొగుణ్ణి అమ్మాడనుకుని ఇన్నేళ్లు కుమిలాను. కొత్తరేవు పెత్తనం కోసం పట్నాన్ని కూడా అదే రోజు అమ్మేశాడు. అమ్మినవాడి మాట పట్టుకుని నేను ఇసుక మోశాను.

వెంటనే బయలుదేరి కొత్తరేవు వెళ్లాను. టీడెకెకు అంతా చెప్పాను, ఏడ్చాను, హిన్రిక్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. చీకటి పడుతోంది, గేటు మూసే గంట మోగింది. అయినా నేను లేవలేదు.

"వెళ్లు గేజే, గేటు మూస్తారు."

"ఏ పట్నానికి వెళ్లను? ఇక్కడే ఉంటాను. నన్నూ దొర సొత్తే చేసుకోనీ. నీకు కోపం రావడం లేదా? నా అన్న పెత్తనం కోసం నిన్ను అప్పగించాడు!"

టీడెకె ఉలి కింద పెట్టాడు.

"నాకు తెలుసు. తీసుకొచ్చిన రోజే దారిలో దివాను చెప్పి నవ్వాడు."

"మరి ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు?"

"నీకు నేను ఎలాగూ లేకుండా పోయాను. అన్నయ్యైనా మిగలాలి కదా అని."